స్టీలు బిందెకు మారిన ఫ్రెంచి బిళ్ళ

మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందని వేపమండలు పట్టుకుంటే, అడ్డం పోయి తిట్లు తిన్నవాణ్ణి నేను. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు, ముందు ఆ పిల్లకు కడుపునిండా అన్నం పెట్టండని కేకలేసేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని ఎవరైనా వాదిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లోనే జరగకపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

డెబ్బైల చివర్లో చిత్తూరు బజారులో మాకు స్టీలు సామాన్ల అంగడి ఉండేది. అప్పట్లో స్టీలంటే జనానికి పిచ్చి. తాతల నాటి ఇత్తడి, కంచు, పాత వెండి తెచ్చిచ్చి స్టీలు గిన్నెలు పట్టుకుపోయేవారు. వచ్చిన వెండిని ఏ అంగడివాడైనా కరిగించడానికి వేసేయాల్సిందే. ఆ వెండిలో అప్పుడప్పుడూ ఫ్రెంచి నాణేలు తగిలేవి. కొన్ని పాండిచ్చేరి వైపు నుంచి వచ్చినవి, కొన్ని వెనకటికి ఫ్రెంచివాళ్ళ కింద సైగాన్‌లో కొలువు చేసినవాళ్ళు తెచ్చుకున్నవి.

వాటిని కరిగించడానికి నాకు చేతులు రాలేదు. గడ్డం రాజు తల ఉన్నది ఒకటి, జుట్టులో గోధుమ కంకులు తురుముకున్న ఆడమనిషి ఉన్నది ఒకటి, ఇలా పక్కన పెడుతూ పోయాను. చెక్కపెట్టెలో ఎర్ర మఖమలు గుడ్డ పరిచి పేర్చుకున్నాను. "కొండకు పోతే లడ్డు మరిచిపోయి వస్తాడు గానీ ఈ చిల్లర మాత్రం మరవడు మహానుభావుడు" అని మా ఆవిడ వసంత ఎగతాళి చేసేది.

వసంత పురుడు తిరుపతిలో పుట్టింట్లో అయింది. ఆడపిల్ల. ముద్దుగా, బొద్దుగా ఉండేది. బిడ్డను తీసుకుని చిత్తూరు వచ్చిన కొన్నాళ్ళకే మునెమ్మ మా అంగడికి వచ్చింది.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. మెడలోంచి పసుపుతాడు తీసి, దానికున్న వెండి బిళ్ళను బల్ల మీద పెట్టింది. సైగాన్ నాణెం అది. కూర్చున్న ఆడమనిషి బొమ్మ, తల చుట్టూ కిరణాలు. మనవాళ్ళెవరైనా లక్ష్మీదేవి అనుకుంటారు. తాడుకు వేలాడడానికి పైన కొక్కెం అతికించారు.

"దీనికి బిందె వస్తాదాప్పా?" అంది. వస్తుందన్నాను. పెద్దదే ఇచ్చాను. బేరం ఆడలేదు. చిత్తూరు బజారులో బేరమాడని ఆడమనిషిని చూడటం నాకదే మొదలు. బిందె మీద పేరు కొట్టే కుర్రాడు ఇంటాయన పేరేమిటని అడిగాడు. "నా పేరే ఎయ్యి. మునెమ్మ, కార్వేటినగరం. ఇంక యా పేరూ వొద్దు" అంది. బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. బిళ్ళ వైపు తిరిగి కూడా చూడలేదు.

కొక్కెం ఉంటే నాణెం అందం చెడుతుందని నాకు పట్టింపు. కంసాలి దగ్గర దాన్ని ఊడదీయించి, ఇంటికి తెచ్చి పెట్టెలో పెట్టాను.

మర్నాటి నుంచి బిడ్డ తల్లిపాలు తాగడం మానేసింది.

ఏడ్చి మానేస్తే ఒక తీరు. ఏడుపే లేదు. వసంత రొమ్ము అందిస్తే మొహం అటు తిప్పుకునేది. ఏమీ లేని చోటికి పెదవులు చాచి చప్పరించేది. గుటకలు మింగేది. కాసేపటికి కడుపు నిండినట్టు నిద్రపోయేది.

డాక్టరు గొంతు చూశాడు, నాలుక చూశాడు, ఏ లోపమూ లేదన్నాడు. సీసాపాలు పడితే కక్కేసేది. రోజురోజుకూ బిడ్డ వడిలిపోయింది, తొడల మీద చర్మం వదులైపోయింది. వసంతకు పాలు గడ్డకట్టి జ్వరం పట్టుకుంది. "నా బిడ్డకు నేనే చేదయిపోతిని" అని గోడకు తల ఆనించి ఏడ్చేది. బిడ్డ దక్కదేమోనని నాకు లోపల భయం. పైకి మాత్రం అందరి మీదా అరిచేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వసంత జ్వరంతో లోపల పడుకుంది. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చున్నాను. బిడ్డ మళ్ళీ అటు తిరిగింది. చప్పరించింది, మింగింది. పెదవి పక్కన తడి కనిపిస్తే వేలితో తుడిచాను. పాలు. పలచటి, తియ్యటి తల్లిపాల వాసన. పొద్దుటి నుంచి బిడ్డకు ఎవరూ పాలు పట్టలేదు. ఈ ఒక్క సంగతి నేను ఎవరి మీదనైనా ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ రోజే మా అమ్మ నా పెట్టె తెరిచింది. ఏం కొత్తది ఇంట్లోకి వచ్చిందో చూస్తానని పట్టుబట్టింది. ఆ సైగాన్ నాణెం గీతల్లో పాత కుంకుమ పేరుకుని ఉంది. "ఇది సవతి బిళ్ళ రా! యాడ్నించి తెచ్చినావు?" అని అమ్మ చేతిలోది కింద పడేసింది. మొదటి భార్య పోయినవాణ్ణి చేసుకున్న ఆడమనిషి, ఆ పోయినామె గుర్తుగా మెడలో బిళ్ళ కట్టుకోవడం మా వైపు ఆచారం. కొత్త చీరైనా, పండగ వంటైనా ముందు ఆ బిళ్ళకు చూపించాలి.

అమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. తెల్లారగానే నాణెం జేబులో వేసుకుని కార్వేటినగరం బస్సెక్కాను. అమ్మ నోరు మూయించడానికే పోతున్నానని చెప్పుకున్నాను.

మునెమ్మ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వసారాలో మా బిందె తళతళలాడుతోంది. పక్కన బోర్లించిన ఇత్తడి సామానంతటి మీదా రాజమ్మ అని వేరే పేరు ఉంది. నాణెం చూడగానే మునెమ్మ మొహం పాలిపోయింది.

"కరగబెడ్తావనుకుంటిని గదప్పా! అందురూ కరగబెట్టేదే గదా. నువ్వేమిటికి పెట్టుకుంటివి?"

నాణేలు దాచుకోవడం నాకు సరదా అన్నాను. ఆ మాట నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

"మీ ఇంట్లో చంటిబిడ్డ ఉండాదా?" అంది. ఉందన్నాను. ఆమె నెత్తి కొట్టుకుని అక్కడే కూలబడింది.

రాజమ్మ ఆమె భర్తకు మొదటి భార్య. పురిట్లోనే బిడ్డా తనూ పోయారు. ఆమె ఫోటో ఏదీ లేదు. ఆయన తాత సైగాన్ నుంచి తెచ్చిన నాణెం మీద ఆడమనిషి ఉందని, దాన్నే రాజమ్మ అనుకుని మునెమ్మ మెడలో కట్టారు.

"నా బిడ్డలందరికీ ముందర ఆమే పాలిచ్చిందప్పా. ‘అక్కా, చాలు, ఇంక నాకియ్యి’ అని అడిగితే గానీ బిడ్డ నా పక్క తిరిగేది లేదు. మొగుడు పోయినాడు, తాళి దిగినా ఇది దిగలా. బిడ్డలు పెద్దోళ్ళయిరి. ఇంకనైనా నా మెడ నాది గానీ అని నీకు తెచ్చిస్తిని."

ఇప్పుడే నీ ఎదురుగా కరిగించేస్తానన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వొద్దు నాయనా. ఇప్పుడు బిడ్డ ఆమె ఒళ్ళో ఉండాది."

పోనీ నువ్వే తీసుకోమన్నాను. ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది. "నా వల్ల కాదప్పా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది. కోపం రావాల్సింది. రాలేదు. పాపం అనిపించింది.

ఇంటికొచ్చి వసంతకు అంతా చెప్పాను. ఎప్పటిలాగే ఎగతాళి చేస్తుందని ఆశపడ్డాను. ఆమె లేచి కంసాలికి కబురు పెట్టించింది. కొక్కెం మళ్ళీ అతికింపజేసి, పసుపుతాడు ఎక్కించి మెడలో కట్టుకుంది. నాకు తిక్క రేగింది. "నీకు సవతి ఎవరే? నువ్వు కాక నాకింకెవరున్నారు?" అని అరిచాను.

"మీకు లేదు. బిడ్డకు ఉండాది" అంది.

బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. అటు తిరిగి చప్పరిస్తున్న బిడ్డ వెనక తల మీద చెయ్యి వేసి, "అక్కా, చాలు. ఇంక నాకియ్యి" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. పక్కింటావిణ్ణి అడిగినట్టు అడిగింది. బిడ్డ గుటక ఆపింది. మెల్లగా ఇటు తిరిగింది. తాగింది. నేను వాకిట్లోకి పోయి భోరుమని ఏడ్చాను.

కొందరు పిల్లలు ఇలాగే మానేసి మళ్ళీ మొదలుపెడతారని డాక్టరు అన్నాడు. అయ్యుండొచ్చు. ఆ మాట నేను ఇప్పటికీ కాదనను. నా వేలికి అంటిన పాల గురించి ఆయన్ను అడగలేదు. పెట్టెలోని మిగతా నాణేలన్నీ పాండిచ్చేరి ఆసామి ఒకరికి ఇచ్చేశాను.

బిడ్డకు మాటలొచ్చాయి. అత్త, తాత, కాకి, అన్నీ అంది. ఒకనాడు అన్నం కలుపుతున్న వసంత కొంగు పట్టుకుని, "చిన్నమ్మా" అని పిలిచింది. నాన్న రెండో భార్యను మా వైపు పిలిచే పిలుపు అది. మా ఇంట్లో చిన్నమ్మలు ఎవరూ లేరు. ఆ మాట బిడ్డ ఎదుట ఎవరూ అనలేదు. అమ్మా అనవే అని మా అమ్మ బెల్లం ముక్క చూపించి నేర్పింది. నేను గద్దించాను, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. మారలేదు.

మొదట్లో వసంత చాటుకు పోయి కళ్ళు తుడుచుకునేది. తర్వాత అలవాటు పడింది. మా అమ్మాయి ఇప్పుడు పెద్దదైంది, చదువుకుంది, దయ్యాలంటే నాలాగే నవ్వుతుంది. అమ్మను అలా ఎందుకు పిలుస్తావని అడిగితే, ఏమో నాన్నా, నోటికి అదే వస్తుందంటుంది. ఇందులో ఏది నమ్మాలో, ఏది కొట్టిపారేయాలో నాకు ఈ వయసులోనూ తేలలేదు. పొద్దున కూడా వాకిట్లోంచి "చిన్నమ్మా" అని కేకేసింది. కన్నతల్లి వంటింట్లోంచి "వస్తున్నా తల్లీ" అని పలికింది.