మామ ఖాళీగా ఉంచిన రెండు అరలు

పోయిన వారం మా మేనమామ చనిపోయాడు. కబురు విన్నాక ఏడుపు కంటే ముందు నాకు సిగ్గేసింది. ఎందుకో మీకు చెప్పాలంటే ఆయన ఆట సంగతి చెప్పాలి.

మామ కువైట్‌లో, అహ్మది అనే ఊళ్లో, చమురు కంపెనీ బస్సు డ్రైవరుగా ఉండేవాడు. అక్కడి ఇంగ్లీషు ఇంజనీరొకాయన బల్ల మీద అంతరిక్ష యుద్ధాలు ఆడేవాడు. తోడు దొరక్క మామకూ నేర్పాడు. ఎవరి ఓడను వాళ్లే తయారు చేసుకోవాలి. పెద్ద ఓడలో ఫిరంగులు పెంచితే, చిన్న యుద్ధవిమానాలు దిగే అరలు తగ్గుతాయి. తిరిగొచ్చిన విమానానికి అర దొరక్కపోతే అది పోయినట్టే. మామ అట్టముక్కల మీద ఓడలు గీసేవాడు. విమానాలు ఖర్జూరపు గింజలు. ఒక్క అర కూడా వృథా పోనిచ్చేవాడు కాదు. నేనూ, మా ఊరోళ్లు కొందరూ అక్కడికి దగ్గర్లోనే మంగఫ్‌లో పనిచేసేవాళ్లం. మామ మా గదికొచ్చి మమ్మల్ని చిత్తుగా ఓడించి, "ఏమ్రా, ఖలాసా? అయిపోయినట్టేనా?" అని మీసం దువ్వేవాడు.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మామ మమ్మల్నందరినీ బస్సులో ఎక్కించుకుని జోర్డాన్ వైపు బయల్దేరాడు. సీట్లే కాదు, నడవ కూడా నిండిపోయింది. జహ్రా అనే ఊరి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు చెయ్యెత్తారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, యజమానులు వదిలేసి పోయారు.

"అన్నా, మేం కడపోళ్లం! ఎక్కించుకోన్నా!"

"మళ్లొచ్చి తీస్కపోతానమ్మా, ఈడే ఉండండి," అన్నాడు మామ. దారిలో సైనికులు బస్సు లాక్కున్నారు. ఇక వెనక్కి పోయే వీల్లేకపోయింది.

ఎలాగో ఇల్లు చేరాక, మమ్మల్నందరినీ బతికించి తెచ్చాడని ఊళ్లో ఆయనకు శాలువా కప్పబోయారు. "నన్ను పొగడాకండి, తల కొట్టేసినట్టుంటాది," అని పక్కకు తప్పుకున్నాడు. ఆట మాత్రం మానలేదు. కానీ ఆ తర్వాత గీసిన ప్రతి ఓడలోనూ రెండు అరలు ఖాళీ.

"ఆడ ఫిరంగులు పెట్టుకోరాదా మామా? ఊరికే ఓడిపోతాండావు."

"ఓడిపోనీలేరా."

ఆ అరలు ఎవరికో మాకు తెలుసు. బస్సులో వాళ్ల చోట్లో కూర్చుని వచ్చినవాళ్లం మేమే కదా!

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు, ఆయన మనసు కుదుటపడాలని అబద్ధమాడాను. "మామా, జహ్రాలో చెయ్యెత్తినారే, ఆ ఇద్దరిలో ఒకామె రాయచోటి బస్టాండులో కనపడింది. ఇద్దరూ చల్లగా ఇల్లు చేరినారంట."

మామ లేచి కూర్చోబోయాడు. ఇన్నేళ్లలో ఆ ముఖం అంత తేటగా నేనెన్నడూ చూడలేదు.

"ఆయమ్మ పేరేందిరా?"

ఒక్క పేరు కూడా నోటికి రాలేదు. మామ నా ముఖంలోకే కాసేపు చూశాడు. ఆయనకు అర్థమైపోయింది.

"పోనీలే, అడగడం మర్చిపోయింటావు," అన్నాడు. నా చెయ్యి వదలకుండానే గోడవైపు తిరిగాడు.