గాజుల మలారంలో పుస్తకాలు

జమ్మలమడుగులో మా ఇంటి పక్క అద్దెగదిలో లైబ్రరీ ఉండేది. అయిదో తరగతితో నా బడి ఆగిపోయాక, వాకిట్లో కూర్చుని దాన్నే చూసేదాన్ని. మగవాళ్ళు వచ్చి పేపరు చదివి వెళ్ళేవారు. పుస్తకాలు అలమరలోనే ఉండిపోయేవి. 1958లో కడప నుంచి ఉత్తరం వచ్చింది. మూడు నెలల్లో పుస్తకాలు తీసుకునేవాళ్ళు పెరగకపోతే లైబ్రరీని పులివెందులకు మారుస్తారట.

లైబ్రేరియన్ గురుమూర్తి ఆ ఉత్తరం పైకి చదువుతున్నప్పుడు, గాజులమ్మే ఖాజాబీ తన గాజుల మూట, మలారం, అరుగు మీద దించి కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి గాజులు తొడిగే మనిషి. అక్షరం రాదు.

"చదివేటోళ్ళు ఇండ్లల్లో ఉండారు, పుస్తకాలు ఈడ ఉండాయి. నా మలారంలో ఎయ్యప్పా. ఎట్లాగూ పోతాండా గదా" అంది.

"ఏది ఎవరికిచ్చినావో ఎట్ల గుర్తుంటాది?"

"నీ పెండ్లాం చేతి కొలత నీకు తెల్సునా? నాకు తెల్సు."

గురుమూర్తి నవ్వి ఒప్పుకున్నాడు.

ఖాజాబీ ఏ ఇంటికి పుస్తకం తీస్తే, ఆ ఇంటామె చేతికి పట్టే గాజు ఒకటి అలమరలో ఆ పుస్తకం ఉన్న చోట పెట్టేది. పుస్తకం తిరిగొస్తే గాజు తీసేది. ఘోషాలో ఉండేవాళ్ళు, గడప దాటని కోడళ్ళు, అందరూ చదవసాగారు. నాకూ అట్లాగే మొదటి పుస్తకం అందింది.

మూడో నెల కడప నుంచి అధికారి వచ్చాడు. అలమర నిండా గాజులే.

"సంతకాలేవి?" అన్నాడు. ఒక గాజు తీసి, "ఇదెవరిది?" అని అడిగాడు.

ఖాజాబీ దాన్ని వేళ్ళతో తడిమింది. "జమీలాది సార్."

అధికారి వెంట వచ్చిన బంట్రోతు ఆమె ఇంటికి వెళ్ళి ఉత్త చేతులతో వచ్చాడు. జమీలా పోయిన వారమే పుస్తకం తిరిగిచ్చిందట. గురుమూర్తి ముఖం వాడిపోయింది. ఖాజాబీ గాజును మళ్ళీ తిప్పి చూసింది.

"తప్పు నాదే సార్. ఇది బట్టల కొట్టోళ్ళ కోడలు ఇందిరమ్మది. ఏడో నెల, చెయ్యి ఉబ్బింది. మొన్న సీమంతానికి జమీలా కొలతే తొడిగినా."

ఈసారి పుస్తకం దొరికింది. అధికారి నవ్వాపుకోలేకపోయాడు. "ఈడే ఉండనీండి. పేర్లు మాత్రం రాయించండి" అన్నాడు.

ఆ సాయంత్రం పేర్లు రాయడానికి గురుమూర్తి పిలిస్తే, నేను మొదటిసారి లైబ్రరీ లోపలికి వెళ్ళాను. ఖాజాబీ గాజు చూసి పేరు చెప్పింది, నేను రిజిస్టరులో రాశాను. అప్పటినుంచి అది నా పనైంది.

గాజులు పెట్టడం మాత్రం ఆమె మానలేదు. "కాగితం నీకు పాపా. నాకు ఇదే" అనేది. ఇందిరమ్మ కాన్పయి చేతి ఉబ్బు తగ్గాక, ఎవరూ చెప్పకుండానే అలమరలో ఆమె గాజు తీసి చిన్నది పెట్టింది.