కుంచెడు జొన్నల బడి

సర్కారు ఖర్చుల మీద కాగితాలు రాయడం మొదలుపెట్టిన దగ్గర నుంచి ఆఫీసులో నాకో పేరు పడింది. షావుకార్ల వకీలు అని. బడులకు పెట్టే డబ్బు గోడలకూ కుర్చీలకూ పోయకుండా తల్లిదండ్రుల చేతిలో పెట్టండి, పిల్లల్ని ఎవరి దగ్గర చదివించుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు అని రాస్తే, చదువురానివాళ్లకు ఏం తెలుస్తుందయ్యా అని నవ్వేవారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చదువురాని మా అమ్మకు ఏం తెలుసో నేను చూశాను.

మాది తాండూరుకూ కొడంగల్‌కూ నడుమ ఒక ఊరు. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు ఒక పంతులు మా ఊరికి వచ్చి, మా పశువుల కొట్టం పక్క వసారాలో బడి పెట్టాడు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. పంట ఇల్లు చేరినప్పుడు, పిల్లల్ని బడికి పంపే ప్రతి ఇంటివాళ్లూ ఆయనకు కుంచెడు జొన్నలు, ఇన్ని కందులు కొలిచేవాళ్లు. అమావాస్యకు బడికి సెలవు. ఆ రోజు పిల్లలు పళ్లెంలో బియ్యం, పప్పు, ఏదో ఒక కూరగాయ పెట్టుకొని పంతులింటికి పోయి ఇచ్చి వచ్చేవాళ్లు.

మా ఇంట్లో ఆ పళ్లెం ఊరికే కదిలేది కాదు. ముందురోజు అమ్మ అక్కనూ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టి, తాండూరు అంగట్లో బెల్లం చుట్టి ఇచ్చిన ఏ పాత కాగితమో మా చేతికిచ్చి, "సదువుండ్రి" అనేది. ఆమెకు అ ఆలు రావు. కానీ తడబాటు వినబడుతుంది కదా. నేను నడుమ ఆగినప్పుడల్లా ఒక వేలు మడిచేది. మూడు వేళ్లు మడిస్తే మర్నాడు పళ్లెం తానే పట్టుకుపోయి, "పంతులయ్యా, పిలగాడు నడుమ నడుమ ఆగుతున్నడు" అని చెప్పి అక్కడ పెట్టి వచ్చేది. కోపం లేదు, గొడవ లేదు. ఆ మర్నాటి నుంచి పంతులు నన్ను వదిలేవాడు కాదు. జ్వరం వచ్చినా గొంగడి కప్పుకొని వచ్చి పాఠం చెప్పేవాడు. మా అమ్మ కంటే గట్టి ఇన్‌స్పెక్టరును నా ఉద్యోగకాలమంతా వెతికినా నేను చూడలేదు.

అక్క నాకంటే రెండేళ్లు పెద్దది. ఆమె చదువుతుంటే అమ్మకు వేలు మడిచే పనే ఉండేది కాదు. ఇక లెక్కలంటే, పంతులు నోటితో చెప్పడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పేసేది. ఒకనాడు పంతులు మా నాయినతో మాట్లాడటానికి వచ్చాడు.

"పటేలా, ఈ పిల్లతోని ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగ రాయిస్త. పాసైతే పంతులమ్మ ట్రైనింగుల తీసుకుంటరు. రెండేండ్లు నా చేతికియ్యుండ్రి."

నాయిన మీసం దువ్వుకుంటూ, "పరీక్ష అయ్యేదాంక ఆగుత. పాసైతే ట్రైనింగుకు తోలుత. కాకుంటె సంబంధం జూస్త" అన్నాడు. మాట అంటే మాటే మనిషి. అందుకే అక్క బతుకంతా ఆ ఒక్క పరీక్ష మీద పడింది. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు. దంచేటప్పుడూ, పిడకలు కొట్టేటప్పుడూ ఎక్కాలు గొణుగుతూనే ఉండేది.

ఒక ఏడాది సాఫీగా గడిచింది. అంతలో మా ఊరికి సర్కారు బడి మంజూరైంది.

దానికోసం వికారాబాదు చుట్టూ తిరిగింది నాయినే. స్థలం కూడా మాదే. బడి గోడలకు బండలు మా ఊరి పొలిమేరలోనే దొరుకుతాయి. అయినా కంట్రాక్టరు వాటిని తాండూరు దాకా తోలించి, అక్కడ ఎవరో చూసి ముద్ర కొట్టాక, మళ్లీ అవే బండ్ల మీద మా ఊరికి తెప్పించాడు. ఎడ్లు అలిసిపోయాయి, ఖర్చు పెరిగింది, బండలు మాత్రం అవే. ఊరివాళ్లు నవ్వుకున్నారు గాని ఎవరూ అడగలేదు. సొమ్ము సర్కారుది, మనదేం పోయింది అనుకున్నారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా?

బడి తెరిచిన దగ్గర నుంచి, "ఇగ జొన్నలెందుకు, ఉట్టిగనె చెప్తరట" అని ఒకటే సంబరం. ఆ పంటకు పంతులుకు ఎవరూ కొలవలేదు. నాయిన కూడా కొలవలేదు.

"రెండు బడులుంటె ఏమైతది? పిల్లకు పరీక్షున్నది గద" అని అమ్మ అడిగింది.

"సర్కారుకు శిస్తు కడ్తలేమా? మల్ల గీయనకెందుకు?" అన్నాడు నాయిన.

పంతులు ఒక నెల చూశాడు. ఒక పొద్దున సామాను బండికెత్తుకొని వెళ్లిపోయాడు. అక్క ఊరి చివరి దాకా బండి వెంట నడిచి, తిరిగి వచ్చింది.

సర్కారు పంతులు కాపురం హైదరాబాదులో. రైల్లో తాండూరు దిగి, బస్సు పట్టుకొని సోమవారం మధ్యాహ్నానికి మా ఊరు చేరేవాడు. మంగళవారం సాయంత్రానికి మళ్లీ రైలు. బడి తాళంచెవి ఆయన జేబులోనే. బడికి మంజూరైన రెండు పోస్టుల్లో రెండోదానిలోకి ఎవరూ రానేలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అమ్మ అలవాటుకొద్దీ కాగితం ఇచ్చి చదివించి వేళ్లు మడిచేది. కానీ ఆ వేళ్లు తీసుకుపోయి ఎవరికి చూపాలి? ఈ పంతులు జీతం ఆమె పళ్లెంలో లేదు.

పరీక్ష దగ్గర పడుతున్నకొద్దీ అక్క తిండి తగ్గించేసింది. నాయినకు భయం పట్టుకుంది. నన్ను వెంటబెట్టుకొని వికారాబాదులోని బడుల ఆఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"బిల్డింగున్నదా?"

"ఉన్నది."

"పోస్టులు మంజూరైనయా?"

"అయినయ్. మనిషే వస్తలేడు సార్."

"గవన్నీ మేం చూసుకుంటం. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని కొట్లాడొస్తివా?"

ఊళ్లో పదిమందికి తీర్పు చెప్పే నాయిన అక్కడ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఇంటికి రాగానే, "పాత పంతులును తోలుకొస్త" అన్నాడు.

పాత పంతులు బొంరాస్‌పేట దిక్కున ఒక ఊళ్లో ఉన్నాడని తెలిసింది. బండిలో కందుల బస్తా వేసుకొని నాయిన, అక్క, నేను బయల్దేరాం. అక్క తన లెక్కల పుస్తకం కొంగులో చుట్టుకుంది. పొద్దెక్కాక ఆ ఊరు చేరాం. దారిలో కనబడ్డ బడికి తాళం వేసి ఉంది. పంతులు ఇల్లు అడిగితే చూపించారు. ఆయన ఇంటి ముందర చిన్న కిరాణం దుకాణం పెట్టుకొని, తక్కెడలో ఉప్పు తూస్తూ కనిపించాడు. కాస్త ఒళ్లు చేశాడు. ఆయనకు సర్కారు పంతులు ఉద్యోగం దొరికిందట. మేం చూసిన తాళం ఆయన బడిదే.

మమ్మల్ని చూసి తక్కెడ కింద పెట్టేశాడు. నాయిన వచ్చిన పని చెప్పాడు.

"జీతమిడిసి ఎట్ల వస్త పటేలా? మీరు మల్ల ఎప్పుడు బంద్ చేస్తరో" అన్నాడు పంతులు.

ఉండబట్టలేక నేనే అడిగాను. "మరి బడి ఎందుకు తెరువలేదు పంతులయ్యా?"

పంతులు నా వైపు కాదు, అక్క వైపు చూశాడు. "మీ ఊర్ల ఒక్క దినం రాకుంటె నలుగురు అడిగేటోళ్లు బిడ్డా. ఈడ అడిగేటోళ్లు లేరు. తెరిచినా గదే జీతం, తెరువకున్నా గదే జీతం. మెల్లెగ అలవాటైపోయింది" అన్నాడు.

అక్క పుస్తకం తెరిచి ముందు పెట్టింది. నిలబడే రెండు లెక్కలు సరిచేశాడు. మూడోది చేస్తుంటే దుకాణానికి ఎవరో నూనెకు వచ్చారు. "ఐతారం ఐతారం రా బిడ్డా, చెప్త" అన్నాడు. అంత దూరం ప్రతి ఆదివారం ఆడపిల్లను ఎవరు పంపుతారు? జ్వరంలో గొంగడి కప్పుకొని వచ్చిన మనిషీ, ఈ మనిషీ ఒకరే. ఆయన చెడ్డవాడై చెడిపోయి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

తిరిగి వస్తుంటే బండిలో అక్క ఒకే మాట అంది. "గా కుంచెడు జొన్నలు ఆపకుంటె మంచిగుండు నాయినా." నాయిన ఎడ్లను అదిలించాడు.

అక్క తాండూరు పోయి పరీక్ష రాసింది. ఎవరూ చెప్పని పాఠాల్లోంచి ప్రశ్నలు వచ్చాయి. తప్పింది. మరుసటి ఏడు తాండూరులోనే, బండల వ్యాపారం చేసే ఇంటికి ఆమెను ఇచ్చారు.

నా వాదానికి అడ్డమొచ్చే మాట ఒకటుంది, దాచను. పాత పంతులు బడిలో గొల్లవాళ్ల పిల్లలు ఒక్కరూ ఉండేవాళ్లు కాదు. గొర్రెల వెంట తిరిగే ఆ ఇళ్లలో కొలవడానికి జొన్నలు ఉండేవి కావు, పిలిచినవాళ్లూ లేరు. సర్కారు బడి అరుగు మీద మాత్రం వాళ్లు కూర్చున్నారు, తాళం వేసి ఉన్నా కూర్చున్నారు. ఆ కుంచెడు జొన్నలు సర్కారే వాళ్ల చేతికిచ్చి ఉంటే బాగుండునని నేను ఆ తర్వాత ఎన్నో కాగితాల్లో రాశాను. ఏ ఒక్కటీ పై అధికారి గది దాటలేదు.

మెట్రిక్ పాసయ్యాక నాకు వికారాబాదులో, నాయిన చేతులు కట్టుకొని నిలబడ్డ ఆ ఆఫీసులోనే, చిన్న గుమాస్తాగా పని దొరికింది. అరవైలు అప్పుడే మొదలయ్యాయి. పిల్లల సంఖ్యను బట్టి బడికి పోస్టులు ఉంచడమో తీసేయడమో చేస్తారు, దానికోసం హాజరుపట్టీలు సరిచూడాలి. ఒకరోజు మా ఊరి బడి పట్టీ నా బల్ల మీదికి వచ్చింది. ఐదో తరగతి, ఆడపిల్లలు. మొదటి పేరు అక్కది. బడి తెరిచిన రోజు నాయిన మా అందరి పేర్లూ రాయించాడట. పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లయిన మా అక్క ఏళ్ల తరబడి అదే తరగతిలో, ఒక్క రోజు కూడా తప్పకుండా బడికి వస్తోంది. ఆ పట్టీని చింపి అవతల పారేద్దామనిపించింది.

ఐతారం తాండూరు పోయి అక్కకు చెప్పాను. ముందు పడీ పడీ నవ్వింది. తర్వాత, "మరి నా పేరు కొట్టేస్తవా?" అని అడిగింది.

"కొట్టేయకుంటె ఎట్ల? అబద్ధం గద. నీ పేరు తీస్తె రెండో పోస్టు నిలువది, అదొక్కటే ఆలోచిస్తున్న."

"గా పోస్టుల ఎవరున్నరు ఇప్పుడు?"

"ఈ ఏడే ఒక పంతులమ్మ వచ్చింది. రోజు వస్తదట. గొల్లోళ్ల ఆడపిల్లలు నలుగురు కూసుంటున్నరని అమ్మ చెప్పింది."

అక్క చంటిపిల్లను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "ఉండనియ్యి తమ్మీ. యాడనో ఒకతాన నేను బడికి పోతున్నట్టన్న ఉంటది" అంది.

సోమవారం ఆ పట్టీ మీద సరిచూశాను అని రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో నేను పెట్టిన మొదటి దొంగ సంతకం అది.