నడుమ గీత

పోయిన నెల హైదరాబాదు విమానాశ్రయంలో తనిఖీ దగ్గర జేబులో ఉన్నవన్నీ ప్లాస్టిక్ పళ్ళెంలో వెయ్యమన్నారు. తాళాల గుత్తి వేశాను. అది పళ్ళేనికి తగిలిన చప్పుడు, చిన్న ఉలి రాతి మీద జారితే వచ్చే చప్పుడులాగే ఉంది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు అక్కడి ఉద్యోగి నన్ను పక్కకు పిలిచి రెండోసారి తడిమి చూశాడు. అతని చొక్కా మీద ఉన్న పేరు రాసిపెట్టుకున్నాను. ఆ సంగతి నేను చూసుకుంటాను. ఇక్కడ చెప్పవలసింది అతని గురించి కాదు, మా కంబగిరాచారి మామ గురించి. పెద్ద విమానాశ్రయంలో దారి తప్పకుండా నడవడం నాకు నేర్పింది ఇంగ్లీషు అక్షరం రాని ఆ మనిషే.

మామకు ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే కొట్టం ఉండేది. బంధుత్వం లేకపోయినా పనివాళ్ళమంతా ఆయనను మామా అనే పిలిచేవాళ్ళం. డెబ్భైలలో నేను మొదటిసారి ఆ కొట్టంలో అడుగుపెట్టింది పని కోసం కాదు, తగువు కోసం. మాది నంద్యాల, నాయన వడ్రంగి. ఇంట్లో పెట్టుకోవడానికి మూరెడు ఆంజనేయస్వామిని మామ దగ్గర చేయించి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. చూడగానే నాకు ఎడమ చెవి ఎత్తుగా కనపడింది. లేదన్నాడు నాయన. దేవుడికి వంకలు పెట్టవద్దంది అమ్మ. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, ఇంటర్మీడియట్ పాసైన గర్వం ఒకటి. మరుసటి రోజే స్వామిని గోనెసంచిలో చుట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

నేను చెప్పింది విని కొట్టంలో వాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. మామ మాత్రం నవ్వలేదు. మొలలో నుంచి ఎర్రటి కావి పూసిన నూలు దారం తీసి, విగ్రహం నడినెత్తి నుంచి పాదాల దాకా పట్టి, అటొక కొలత ఇటొక కొలత చూశాడు. తేడా ఆ దారం మందమంత ఉంది. దారం మళ్ళీ మొలలో దోపుకుంటూ నా ముఖం కేసి చూశాడు.

"కన్ను బాగుండాదప్పా. నోరే కొంచెం చెక్కాల. రేపట్నుంచి పనికి రా" అన్నాడు.

చెవి సరిచేసి ఇచ్చాడు. తప్పయిందని మాత్రం అనలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు.

అలా పదకొండేళ్ళు నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య బస్సులో తిరిగాను. బస్సు ఆపకపోతే, ఆలస్యమైతే, కండక్టరు మర్యాద తప్పితే నంద్యాల బస్టాండులో ఫిర్యాదుల పుస్తకం అడిగి పేజీలకు పేజీలు రాసేవాణ్ణి. ఆ సంగతి తెలిసి మామ నాకు 'అర్జీ' అని పేరు పెట్టాడు. సుబ్బరాయుడనే నా పేరు కొట్టంలో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. కొనుగోలుదార్లు కూడా "అర్జీ ఉండాడా" అని అడిగేవాళ్ళు. అయినా పని నేర్పడంలో మామ ఏమీ దాచలేదు. రాయి ఎంత పెద్దదైనా ముందు నిలువునా ఒక గీత కొట్టించేవాడు. శాస్త్రంలో దానికి బ్రహ్మసూత్రమని పెద్ద పేరు. మామ నడుమ గీత అనేవాడు. ముక్కు, నాభి, పాదాల మధ్య చోటు, అన్నీ దాని మీదే కుదరాలి. చెయ్యి ఎటు తిరిగినా, నడుము ఎటు వంగినా ఆ గీత నుంచే కొలవాలి.

ఒక్క పని మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. విగ్రహానికి కళ్ళు తెరవడం. ప్రతిష్ఠ రోజు, ముహూర్తానికి, ముందు బంగారు సూదితో గీసి, తరువాత ఆ విగ్రహాన్ని చెక్కిన ఉలితోనే కనుపాప తీర్చాలి. వేరే ఉలి ముట్టుకోకూడదు. అది ఆయన పట్టుదల. పదకొండేళ్ళలో ముప్పై చోట్లకు ఆయన వెంట వెళ్ళాను. ముప్పై సార్లూ నాకు దక్కింది నీళ్ళ చెంబు పట్టుకోవడమే. దారమంత తేడా కనిపెట్టిన కన్ను నాది, చెంబు పట్టుకోవడానికా అని లోపల రగిలిపోయేవాణ్ణి.

ఎనభైలలో కెనడాలో ఉన్న మనవాళ్ళు కొందరు గుడి కట్టుకుంటూ నిలువెత్తు నరసింహస్వామిని చేయించుకున్నారు. విగ్రహం ముందుగా ఓడలో పోయింది. కళ్ళు తెరవడానికి మామకు టికెట్టు పంపి, ఇంగ్లీషు వచ్చిన మనిషిని ఒకరిని తోడు తెచ్చుకోమన్నారు. కొట్టంలో ఇంటర్మీడియట్ చదివింది నేనొక్కణ్ణే. అలా వెళ్ళాను, ఆయన ఇష్టపడి పిలిస్తే కాదు. నంద్యాలలో రైలెక్కి, గుంతకల్లులో బండి మారి బొంబాయి చేరాం. అక్కడి నుంచి విమానం. యూరప్‌లో ఒక పెద్ద ఊళ్ళో దిగి ఐదు గంటలు ఆగి, ఇంకో విమానం ఎక్కాలి. ఆ ఊరి పేరు రాయను. దానితో నా తగువు ఇంకా తీరలేదు.

"గుంతకల్లులో మారినట్టేనా?" అన్నాడు మామ.

"అంతే మామా" అన్నాను, నేనేదో రోజూ మారుతున్నట్టు.

ఉలులూ సుత్తీ సూదీ ఉన్న గుడ్డసంచి ఆయన ఒళ్ళోనే ఉంది. పెట్టెలో పెట్టి ఇంకొకరి చేతికి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. బొంబాయి అధికారి సంచి విప్పి, సంగతి విని, కళ్ళకద్దుకుని పంపించాడు. అందుకే మాకు భయం లేకపోయింది.

దిగాక తెలిసింది, మా రెండో విమానం ఈ భవనం నుంచి కాదనీ, బస్సులో ఇంకో టెర్మినల్‌కు పోవాలనీ. బస్సు అన్న మాట వినగానే నా పదకొండేళ్ళ అలవాటు లేచి కూర్చుంది. బస్సు వచ్చి ఆగీ ఆగకముందే పరుగెత్తి, కిటికీలోంచి సీటు మీదకు తువ్వాలు విసిరాను. అది తెరుచుకునే కిటికీ కాదు. తువ్వాలు అద్దానికి తగిలి, నింపాదిగా జారి నా బూట్ల మీద పడింది. బస్సంతా ఖాళీ. డ్రైవరు నా వైపు, తువ్వాలు వైపు మార్చి మార్చి చూశాడు. మామ వెనక నుంచి నిదానంగా వచ్చి, మెట్టెక్కుతూ "సీటు దొరికినాదా అర్జీ?" అన్నాడు. ఆ టెర్మినల్ చేరే దాకా ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ నాకూ నవ్వు ఆగలేదు.

రెండో టెర్మినల్‌లో అసలు కథ మొదలైంది. మన ఊళ్ళో సంత జరిగే మైదానాలు నాలుగు కలిపి పైకప్పు వేసినట్టుంది. ఎక్కడ చూసినా బోర్డులు, బాణాలు, అంకెలు. నేను ముందు నడుస్తూ ఒక్కో బోర్డూ గట్టిగా చదివాను, మామ వెనక నడిచాడు. ముప్పావుగంట తిరిగాక అత్తరు సీసాలు అమ్మే ఒక దుకాణం ముందుకు వచ్చాం. ఇంకో అరగంటకు మళ్ళీ అదే దుకాణం. మూడోసారి కూడా అక్కడికే చేరేసరికి అందులో ఉన్న పిల్ల మాకు చెయ్యి ఊపింది. అది మర్యాదో వెటకారమో నాకు ఈనాటికీ తేలలేదు.

"అన్నీ చదువుతాండావు. యాడ నిలబడుకోని చదువుతాండావో చూసుకున్యావా?" అన్నాడు మామ.

అంటూనే ఆయన హాలు మధ్యకు నడిచి, మొలలోంచి దారం తీసి, రెండు చేతులతో కంటి ముందు బిగించి పట్టి, ఒక కన్ను మూసి పైకప్పు కేసి చూడటం మొదలుపెట్టాడు. కోట్లు తొడుక్కున్న దొరలు ఆయన చుట్టూ చీలి నడిచారు. నేను సిగ్గుతో రెండడుగులు దూరం జరిగాను. ఆ రెండడుగులు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఫిర్యాదు.

"ఆ దీపాల వరస చూడు. ఈ కొస నుంచి ఆ కొసకు నిలువునా పోతాంది. అదే నడుమ గీత. మనం నిలబడుకున్యది మొండెం. ఆ పక్కా ఈ పక్కా చేతులు. నరసింహసామికి మల్లే శానా చేతులుండాయి దీనికి. మన విమానం ఏ చేతిలో, ఎన్నో వేలు కొసనుండాదో అది మాత్రం అడుగు."

అడిగాను. ఆ దీపాల వరస కిందే నడిచి, కుడివైపు మూడో చేతిలోకి తిరిగాం. పది నిమిషాలు కూడా పట్టలేదు.

అయితే ఆ చేతి మొదట్లో మళ్ళీ తనిఖీ ఉంది. అక్కడి మనిషి మామ సంచిని బల్ల మీద బోర్లించాడు. మూడు ఉలులు, సుత్తి, సూది చప్పుడు చేస్తూ పడ్డాయి. ఇవి విమానంలోకి కుదరవన్నాడు. తీసి అవతల పెట్టాడు. మామ ముఖం నేను అంతకు ముందెప్పుడూ అలా చూడలేదు. మరునాడు పొద్దున ముహూర్తం. ఆ ఉలులు లేకుండా పోతే విగ్రహం కళ్ళు లేకుండా ఉండిపోతుంది. వాటి కోసం ఆగితే విమానం పోతుంది. మిగిలి ఉన్నది ఒక్క గంట సేపు.

ఇది నా రంగం. ఫిర్యాదుల పుస్తకం అడిగాను. పుస్తకం లేదుగానీ కాగితం ఇచ్చారు. నిలబడే రెండు పేజీలు నింపాను. బస్సు కిటికీ తెరుచుకోకపోవడం, బోర్డుల పొందిక, అత్తరు దుకాణం పిల్ల చెయ్యి ఊపడం, దాహమేస్తే మంచినీళ్ళెక్కడో చెప్పేవాళ్ళు లేకపోవడం, ఏదీ వదల్లేదు. ఉలుల సంగతి ఏడో అంశం.

"ఏం రాసినావో తెలుగులో చెప్పు" అన్నాడు మామ. చెప్పాను. ఓపికగా విన్నాడు.

"అన్నీ నిజమే అప్పా. దీనికి నడుమ గీత యాడుండాది?"

నేను కాగితాలు మళ్ళీ తిరగేశాను.

"మనకు ఏం కావాల? అదొక్కటి రాయి."

రెండు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను, అవి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. కొత్త కాగితం తీసుకుని ఒకే ఒక్క వాక్యం రాశాను. "అయ్యా, ఈ ముసలాయన రేపు పొద్దున ఈ పనిముట్లతో ఒక దేవుడికి కళ్ళు తెరవాలి, దయచేసి వీటిని మాతోపాటు అదే విమానంలో చేర్చండి." నా జీవితంలో అంత చిన్న అర్జీ అదే మొదటిది.

పై అధికారిణి వచ్చింది. చదివింది. మామ చేతులు చూపించమంది. అరచేతుల్లోని కాయలు వేలితో తాకి చూసింది. పనిముట్లను ఒక కవరులో పెట్టి, అతికించి, విమానం నడిపే సిబ్బందికి అప్పగిస్తామనీ, దిగాక మాకు ఇస్తారనీ చెప్పింది. అలాగే ఇచ్చారు. కవరు చేతికి రాగానే మామ ఉలులు లెక్కపెట్టుకుని, చిన్నదాన్ని తీసి చెంపకు ఆనించుకున్నాడు.

మరునాడు గుడిలో తెర వేశారు. లోపల స్వామి, మామ, చెంబుతో నేను. మామ బంగారు సూదితో రెండు కళ్ళూ గీశాడు. ఉలి తీసుకుని కుడి కన్ను తెరిచాడు. తరువాత వెనక్కు తిరిగి నా చేతిలోని చెంబు తను తీసుకుని, ఉలి నా చేతిలో పెట్టాడు.

"ఎడమది నువ్వు తీయి. దారమంత తేడా వచ్చినా ఊరుకోను" అన్నాడు.

నాలుగు దెబ్బలకు కనుపాప నిలిచింది. మామ దారం పట్టి చూశాడు, నడుమ గీత నుంచి అటూ ఇటూ. దారం చుట్ట చుట్టి నా చొక్కా జేబులో వేశాడు.

ఆ దారం ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది. ఎన్ని విమానాశ్రయాల్లో తనిఖీ చేసినా నూలు దారాన్ని ఎవరూ పట్టుకోలేదు. కొత్త టెర్మినల్‌లో దిగితే ముందు బోర్డు చదవను, పైకప్పు చూస్తాను. ఫిర్యాదులు మానలేదు గానీ ఒక్కొక్కటి ఒకే వాక్యంలో రాస్తున్నాను, చాలావాటికి జవాబులు కూడా వస్తున్నాయి. మామ మీద రాసినది మాత్రం జవాబిచ్చే మనిషి లేక నా దగ్గరే ఉండిపోయింది. దానికి నడుమ గీత చక్కగా కుదిరింది.

"మామా, కుడి కన్ను నాకెందుకియ్యలేదు?"