సాంబ్రాణి వేసిన గది

1994 శీతాకాలం మొదట్లో నన్ను తూర్పు ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఛాతీ క్లినిక్‌కు సీనియర్ మెడికల్ ఆఫీసర్‌గా వేశారు. అక్కడి కేసు షీట్లో దగ్గు, కఫం, ఆయాసం, పొగతాగే అలవాటు అన్నిటికీ గడులుండేవి. దాంపత్యానికి గడి లేదు. మగ రోగులు తమంతట తామే గొంతు తగ్గించి ఆ సంగతి అడిగేవారు. ఆడవాళ్లు అడిగేవారు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. ఊపిరితిత్తులకు పెళ్లి కానట్టే వైద్యం చేసేవాళ్లం.

రాజ్యం లక్ష్మీ నగర్ నుంచి వచ్చేది. గోదావరి జిల్లా పిల్ల, చిన్ననాటి నుంచీ ఉబ్బసం. ఆయాసం ఎప్పుడు ఎక్కువవుతుందని అడిగితే తల దించుకుంది. చివరికి చెప్పింది: "ఆయన దగ్గరికొచ్చినప్పుడండి. నా గుండెల్లోంచి అక్క మాట్లాడుద్ది."

అక్క అంటే భర్త సూర్యారావు మొదటి భార్య. ముత్తయిదువుగా పోయింది కనుక ఇంట్లో పేరంటాలని కొలుస్తారు. ఆ గొంతుకు భయపడి సూర్యారావు పడక మార్చుకున్నాడు. నెలాఖరులోగా తగ్గకపోతే రాజ్యాన్ని పుట్టింట్లో వదిలేస్తాననీ, మళ్లీ తీసుకురాననీ చెప్పాడు.

ఇళ్లకు వెళ్లడం హెల్త్ విజిటర్ పని. భాష తెలిసినదాన్ని కనుక ఒక ఆదివారం మధ్యాహ్నం నేనే వెళ్లాను.

చలికి కిటికీ సందులన్నీ పాత పేపర్లతో మూసేసిన గది. మంచం తలవైపు దండ వేసిన ఫొటో, కింద మడత విప్పని ఎర్రచీర. పగలే అయినా లోపల మసక. సెలవు కనుక ఇంట్లోనే ఉన్న సూర్యారావు గుమ్మం దగ్గర ఆగాడు. నేను కూర్చునేలోగా అత్తగారు నిప్పుల గరిటెలో సాంబ్రాణి చల్లి మంచం చుట్టూ తిప్పింది. కొడుకు గదిలోకి వచ్చే ప్రతిసారీ ఇలా ధూపం వేసి పెద్దకోడలి అనుమతి అడగాలట.

పొగ కమ్మింది. మంచం మీద కూర్చున్న రాజ్యం పెదవులు కదలలేదు. ఆమె లోపలినుంచి సన్నగా ఒక కూత, దానికింద బొంగురుగా మరొకటి లేచాయి.

"వచ్చావా అమ్మా?" అంది అత్తగారు, ఫొటో వైపు తిరిగి.

కూత సాగింది, జవాబిచ్చినట్టే. దయ్యాలు లేవని జీవితమంతా వాదించినదాన్ని. నేనూ ఫొటో వైపు తిరిగి చూశాను.

గరిటె బయట పెట్టించి, కిటికీ పేపర్లు చింపి, ఇన్‌హేలర్ పీల్పించాను. కాసేపటికి ఆ గొంతులు ఒకదాని వెనక ఒకటి సన్నగిల్లి ఆగిపోయాయి.

"వెళ్లిపోయింది," అంది అత్తగారు.

"అది నేనేనాండీ?" అంది రాజ్యం, గుండె తడుముకుంటూ.

"నువ్వే. పొగకు నీ గాలిగొట్టాలు బిగుసుకుంటే వచ్చే చప్పుడు."

దయ్యం సంగతి అక్కడ వాదించలేదు. పూజకు పువ్వులు పెట్టండి, పొగ మాత్రం వద్దన్నాను. రోజూ వాడే మందు మానొద్దు. కలిసే ముందు ఇన్‌హేలర్ పీల్చాలి. వెల్లకిలా వద్దు, ఛాతీ మీద బరువు వద్దు. ఆయాసమొస్తే ఆగి కూర్చోవాలి. ఇష్టం లేని రోజు అసలే వద్దు. సూర్యారావు గోడకేసి చూస్తూ విన్నాడు.

"మా ఆఫీసులో మన తెలుగువాళ్లెవరికీ చెప్పకండి మేడమ్."

అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది. "ఇన్ని చెప్తున్నావ్, నీకు పెళ్లయిందా డాక్టరమ్మా?"

"అయింది. మా గదిలో పొగ వెయ్యం."

నెలాఖరుకు రాజ్యం ఢిల్లీలోనే ఉంది. సూర్యారావు పడక పాత చోటికి వచ్చింది. ఉబ్బసం పోలేదు, చలిరోజుల్లో ఆ కూత మళ్లీ వచ్చేది. అప్పుడు ఆమె ఫొటో వైపు చూడకుండా ఇన్‌హేలర్ అందుకునేదట. అత్తగారు మాత్రం పెద్దకోడలు శాంతించిందనే నమ్మింది.

రిటైరయ్యేదాకా ప్రతి ఆడ రోగినీ తలుపు వేసి, గడి లేని ఆ దాంపత్యం ప్రశ్న అడిగాను. జవాబులు కేసు షీటు అంచున రాశాను. జబ్బు గురించి వైద్యుడు అడగనిచోట జవాబు చెప్పడానికి దయ్యం వస్తుంది. దాన్ని పిలిచిన పొగలో మా మౌనం కూడా ఉంది.