మావయ్య ముక్కు

మావయ్యకు తన ముక్కు మీద ఉన్నంత నమ్మకం ఏ మీటరు మీదా లేదు.

ఆయన ల్యాబ్‌లో మనిషెత్తు ఉక్కు ట్యాంకులుంటాయి. వాటినిండా కంటికి కనిపించని సూక్ష్మజీవులు. మొక్కజొన్న చొప్ప నుంచి తీసిన చక్కెర పాకం వాటి మేత. జన్యువులు మార్చడంవల్ల అవి ఆ పాకం తిని, ప్లాస్టిక్‌కు ముడిసరుకు ఇస్తాయి. ముడిచమురు నుంచి రావలసింది చొప్పలోంచి వస్తోంది! అక్కడే కొత్తగా చేరిన మేనకోడలికి ఆ వింత తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు గగుర్పొడిచేది.

మావయ్య రోజూ ట్యాంకుల లెక్కలన్నీ చూపే కంప్యూటర్ తెర దగ్గర ఆగి, తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకునేవాడు. తర్వాత ట్యాంకు గాలిగొట్టానికి ముక్కు ఆనించి, పాట వింటున్నవాడిలా కళ్ళు మూసుకునేవాడు.

"వీళ్ళు కడుపునిండా తిన్నారు. అదిగో, వాళ్ళకి ఊపిరాడటం లేదు, గాలి పెంచండి."

చెప్పింది చెప్పినట్టు నిజమయ్యేది. ఆయనకు జలుబు చేస్తే ల్యాబ్‌కు సెలవివ్వాలని అందరూ అనుకునేవారు.

మేనకోడలు మార్చిన సూక్ష్మజీవులు మొదటిసారి పెద్ద ట్యాంకులోకి ఎక్కాయి. "ఇందులో సరుకు రాకపోతే నీ పని ఇక్కడితో ఆపేద్దాం," అని డైరెక్టరమ్మ ముందే చెప్పేసింది. ఆ కంగారులో అమ్మాయి పాకం వేగం పెంచేసింది. అతిగా తిన్న జీవులు సరుకు మానేసి పులుపు కక్కాయి. అంతలో డైరెక్టరమ్మ వచ్చి నిలబడింది.

ఆవిడ తెర వైపు తిరిగేలోపే, అక్కడ కళ్ళజోడు తుడుచుకుంటున్న మావయ్య గొట్టం దగ్గరికి గంతేశాడు.

"అబ్బ, పులుపు! ఒట్టి తిండిపోతులండీ ఇవి, పెట్టిందల్లా మింగేశాయి. పాకం కట్టేయవే అమ్మాయ్!"

"మరి చచ్చిపోవూ?" అంది డైరెక్టరమ్మ.

"ఆకలేస్తే ఆ పులుపునే తినేస్తాయి. చూస్తూండండి."

సాయంత్రానికి పులుపు మాయమైంది, సరుకు మొదలైంది. అమ్మాయి ట్యాంకుకున్న గాజు కిటికీకి నుదురానించి, ఊపిరి బిగపట్టి చూస్తూ ఉండిపోయింది. చేసిన తప్పును తామే తినేసే ప్రాణులు!

ఆదివారం వంటింట్లో ఆ కథంతా వినగానే అత్తయ్య పగలబడి నవ్వింది.

"ముక్కా? ఎప్పుడో జ్వరమొచ్చినప్పుడే ఆయనకి వాసన పోయిందే పిచ్చిదానా!"

అమ్మాయికి తెరా, కళ్ళజోడూ గుర్తొచ్చాయి. ఎవరు ఏం మార్చారో పేరుతో సహా తెర చెప్పేస్తుంది. వాసన ఎవరి పేరూ చెప్పదు.

ఇంతలో కబుర్లలో మరిచిపోయిన పాలు అడుగంటి, ఇల్లంతా మాడుకంపు కొట్టింది. మావయ్య గుమ్మంలోకి వచ్చి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు.

"ఆహా! పాలు కమ్మగా కాగాయి."

అత్తయ్య నోరు తెరవబోయింది. అమ్మాయి ఆవిడ చెయ్యి నొక్కి, నల్లటి గిన్నెకు అడ్డంగా నిలబడింది.

"మీ ముక్కుకు తిరుగులేదు మావయ్యా!"