మిణుగురు నౌక ఇంజను ఆగిన ఆదివారం

ఒక ఊరు ఊరంతా చెప్పులు వదిలేసి పరిగెత్తడానికి భూకంపమే రానక్కర్లేదు. చేతిలో రికార్డరు, బుర్రలో కళాభిమానం ఉన్న మనిషి ఒకడు చాలు. ఏడేళ్ళ కిందట మండవల్లి దగ్గర ఒక పల్లెలో ఆ ఘనకార్యం చేసినవాణ్ణి నేనే. ఆ ఊరి పేరు మాత్రం రాయను. అటువైపు నాకు ఇంకా రాకపోకలున్నాయి.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. ఏలూరులో మా నాన్నగారి స్టీలు సామాన్ల కొట్లో కూర్చునేవాణ్ణి. కూర్చునేది శరీరం మాత్రమే. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు ఉండేవి. విదేశాల్లో పాత టీవీ సైన్స్ ఫిక్షన్ సీరియల్స్‌ని బొమ్మ లేకుండా వట్టి శబ్ద నాటికలుగా మళ్ళీ బతికిస్తున్నారని, ముసలివాళ్ళైపోయిన ఆనాటి నటులే వచ్చి మళ్ళీ గొంతు ఇస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఇక రోజంతా అవే వినేవాణ్ణి. వింటూ వింటూ, ఇడ్లీ పాత్ర అడిగిన ఒకావిడకి ప్రెషర్ కుక్కరు కట్టి పంపించాను. ఆవిడ తిరిగొచ్చి మా నాన్నగారితో అన్న మాటలు కూడా శబ్ద నాటికకు చక్కగా పనికొచ్చేవే.

మనకీ అలాంటి సీరియల్ ఒకటి ఉండేది కదా అని ఒకరోజు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు టీవీలో 'మిణుగురు నౌక' వచ్చేది. మిణుగురు అనే అంతరిక్ష నౌకలో ఐదుగురు తెలుగువాళ్ళు కొత్త గ్రహాన్ని వెతుక్కుంటూ పోతుంటారు. నౌక గోడలు థర్మోకోలువి. కెప్టెన్ గట్టిగా తలుపు వేస్తే గోడతోపాటు కిటికీలో కనిపించే నక్షత్రాలు కూడా ఊగేవి. అయినా మేం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. పదమూడు వారాలని చెప్పి పన్నెండే వేశారు. పదమూడో వారం టీవీ పెడితే క్రికెట్ వస్తోంది. ఆ ఐదుగురూ ఎక్కడైనా దిగారో, ఇంకా తిరుగుతూనే ఉన్నారో ఎవరూ చెప్పలేదు. మీరు నవ్వకండి. పదో తరగతిలో చదివిందంతా మర్చిపోయాను గానీ ఆ వెలితి మాత్రం నాతోపాటే పెరిగి పెద్దదైంది.

ఆ సీరియల్ రాసింది దావీదు మాస్టారు. తాడేపల్లిగూడెం హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, కొల్లేటి పక్కన సొంతూళ్ళో కూతురింట్లో ఉంటున్నారని నా డిగ్రీ స్నేహితుడు వీర్రాజు చెప్పాడు. వాడు మాస్టారి శిష్యుడే. గూడెం ఉల్లిపాయల మార్కెట్లో వేలం వేస్తాడు. వాడు కేక వేస్తే మార్కెట్ చివర నిలబడ్డ లారీలో నిద్రపోయే క్లీనరు కూడా లేచి కూర్చుంటాడు. మన కెప్టెన్ వీడేనని నేను అక్కడికక్కడే తీర్మానించేశాను. మాస్టారు ఒప్పుకున్నదీ లేదు, స్క్రిప్టు చేతికొచ్చిందీ లేదు, కెప్టెన్ మాత్రం సిద్ధం.

ఇద్దరం మోటారు సైకిలు మీద వెళ్ళాం. మాస్టారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. గడప దాటాలన్నా చేతికర్ర కావాలి.

"మాస్టారండీ, మిణుగురు నౌకని మళ్ళీ తీద్దామనుకుంటున్నామండి. బొమ్మ లేకుండా, వట్టి శబ్దంతోనండి" అన్నాను.

"బొమ్మ ఉన్నప్పుడే ఎవరూ చూళ్ళేదు బాబూ. శబ్దం ఎవరు వింటారండి?"

"నేను చూశానండి. పన్నెండు వారాలూ చూశాను. పదమూడోది ఏమైందండీ?"

మాస్టారు నన్ను పరీక్షగా చూశారు. "రాశాను. తియ్యలేదు వాళ్ళు. కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి."

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. "ఒక్కసారి చూపిస్తారాండీ?"

"చూపించను" అన్నారాయన చాలా మర్యాదగా. "మొదటి భాగం టీవీలో వేసిన రోజు మా చర్చి పక్క హాల్లో టీవీ పెట్టించి ఊరందరినీ పిలిచానండి. పావుగంట గడిచేసరికి ఒక్కొక్కళ్ళే లేవడం మొదలెట్టారు. ఆఖరికి హాల్లో నేనూ టీవీ మిగిలాం. ఆ లేచినవాళ్ళ వీపులు నాకింకా గుర్తే. అదే హాల్లో, అదే మొదటి భాగం, మీ శబ్దంతో వినిపించండి. ఆఖరిదాకా ఒక్కరంటే ఒక్కరు కూడా లేవకుండా వింటే బీరువా తాళం మీ చేతికిస్తాను. ఒక్కరు లేచినా సరే, ఇక మనం ఆ ఊసెత్తుకోవద్దు."

మాటలు మెత్తగా ఉన్నాయి గానీ ఆయన కళ్ళలో నవ్వు లేదు. నేను పెద్ద మొనగాడిలా "అలాగేనండి" అనేశాను.

మూడు నెలలు కష్టపడ్డాం. వీర్రాజు కెప్టెన్‌గా అదరగొట్టాడు గానీ, "శత్రు నౌకకు ఇదే ఆఖరి హెచ్చరిక" అన్న తర్వాత అలవాటు కొద్దీ "ఒకటోసారి, రెండోసారి" అనేవాడు. అవి కత్తిరించడానికే ఒక వారం పట్టింది. నాకు కుదరనిది ఇంజను శబ్దం. మిక్సీ పెట్టి చూశాను, బోరు మోటారు పెట్టి చూశాను. ఏదీ అంతరిక్షంలో ఎగరలేదు.

చివరికి అది మాస్టారి ఇంటి వెనకే దొరికింది. ఆయన అల్లుడు రాజారత్నం గారికి రొయ్యల చెరువులున్నాయి. వాటిలో నీటిని చిలికి గాలి అందించే ఏరియేటర్లు నాలుగు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. నాలుగూ కలిసి గడగడమంటుంటే కళ్ళు మూసుకుని విన్నాను. సాక్షాత్తూ మిణుగురు నౌకే! కావలసినంత రికార్డు చేశాను. కానీ కథలో పద్దెనిమిదో నిమిషంలో ఇంజను చెడి ఆగిపోతుంది. ఆ శబ్దం కూడా కావాలి కదా.

"రాజారత్నం గారూ, వీటిని ఒక్క నిమిషం ఆపుతారాండీ?"

ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. "ఏరియేటర్లు ఆపమంటారేంటండీ! మీరు ఊపిరి ఆపి కూర్చుంటారా మరి?"

ఉన్న సంగతంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నాకు తలకెక్కలేదు. ఆ ఊళ్ళో దాదాపు అందరూ రొయ్యల రైతులే. రొయ్యల రైతు అన్నం తింటున్నా, నిద్రపోతున్నా ఒక చెవి ఏరియేటరు మీదే ఉంటుంది. అది ఆగిందంటే కాసేపట్లో పంటంతా పోయినట్టే. మబ్బు పట్టిన రోజైతే నీళ్ళలో గాలి మరీ తక్కువ. నేను వదలకుండా వేధిస్తే, ఎండ బాగా కాస్తున్న ఒక మధ్యాహ్నం, మావగారి ముఖం చూసి, పళ్ళు కొరుక్కుంటూ ఒకదాని తర్వాత ఒకటి నాలుగూ ఆపారు. గడగడ... గర్ర్... గుళుక్. నిమిషంలో మళ్ళీ వేసేశారు. నాకు నిధి దొరికింది.

ఆ ఆదివారం పొద్దుటినుంచీ మబ్బే. ఆరాధన అయ్యాక ఊళ్ళోవాళ్ళు డెబ్బై మంది దాకా హాలుకి వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడిచి కుర్చీల్లో కూర్చున్నారు. మాస్టారు ముందు వరసలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. నేను రెండు స్పీకర్లు వేదిక మీద పెట్టి, పెద్దవి రెండు, బయటి చప్పుడు రాకుండా మూసేసిన వెనక కిటికీల దగ్గర పెట్టాను. ఆ కిటికీల అవతలే చెరువులు.

"ఒరేయ్ శీనూ, ఇంజను శబ్దం జనం వెనకనుంచి ఎందుకురా?" అన్నాడు వీర్రాజు.

"నౌకకి ఇంజను ఎక్కడుంటుందిరా? వెనకే కదా! వినేవాళ్ళు నౌకలో కూర్చున్నట్టే ఉండాలి."

"ఏమోరా, నాకెందుకో ముందు పెడితేనే బాగుంటుందనిపిస్తోంది."

"ఉల్లిపాయల సంగతి నువ్వు చూసుకో, కళ సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. ఈ వాక్యాన్ని వాడు ఏడేళ్ళుగా నాకు అప్పజెబుతూనే ఉన్నాడు.

నాటిక మొదలైంది. పది నిమిషాలు గడిచాయి. ఒక్కరూ కదల్లేదు. మాస్టారు ఉండుండి వెనక్కి తిరిగి జనాన్ని లెక్కపెట్టుకుంటున్నారు. పదిహేను నిమిషాలు. వెనకటికి వీపులు కనిపించిన సమయం ఇదే. ఇప్పుడు అన్నీ ముఖాలే. మాస్టారు లెక్కపెట్టడం మానేసి వినడం మొదలెట్టారు. నాకు బీరువా తాళం చప్పుడు వినిపిస్తోంది. ఇక పద్దెనిమిదో నిమిషం. నా ప్రతిభను నేనే తనివితీరా ఆస్వాదిద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

గడగడ... గర్ర్... గుళుక్. ఒకటి ఆగింది. రెండోది ఆగింది. మూడు. నాలుగు. ఆ తర్వాత నేనే దగ్గరుండి అమర్చిన నిశ్శబ్దం, సరిగ్గా ఆరు సెకన్లు. అబ్బ, ఏం నిశ్శబ్దం!

కళ్ళు తెరిచాను. డెబ్బై కుర్చీలున్నాయి. మనుషులు లేరు. గుమ్మంలో చెప్పులన్నీ అలాగే ఉన్నాయి. ముందు వరసలో మాస్టారి చేతికర్ర నేలమీద పడి ఉంది. ఖాళీ హాల్లో కెప్టెన్ గొంతు ఖంగుమంటోంది: "ఎవరూ కంగారు పడవద్దు! ఎవరి స్థానాల్లో వాళ్ళు కూర్చోండి!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మన శబ్దం మరీ మంచిదైతే ఊరు ఖాళీ అవుతుందన్నమాట.

నేనూ వీర్రాజూ పరిగెత్తి వెనక కిటికీ తెరిచాం. గట్టుమీద ఊరంతా ఉంది. ఒకాయన జనరేటరు తాడు లాగుతున్నాడు. ఇద్దరు ఆక్సిజన్ బిళ్ళల సంచులు కోసి చెరువులో గుమ్మరిస్తున్నారు. రాజారత్నం గారు ఆదివారం తెల్లబట్టలతోనే నడుంలోతు నీళ్ళలో దిగి, ఒక ఏరియేటరుని రెండు చేతులా పట్టుకోబోయి అది తిరుగుతోందని గ్రహించి, ఆగి, చెవి ఒగ్గి వింటున్నారు. నాలుగూ హాయిగా తిరుగుతున్నాయి. అసలవి ఆగితే కదా!

ఆయన మెల్లగా తల తిప్పి కిటికీలో నన్ను చూశారు.

"ఏవండీ శీనుగారూ! కాస్త ఇలా వస్తారా?"

మా వైపు తిట్టబోయే ముందు కూడా అండీ అంటారు. ఎన్ని అండీలు పడితే కోపం అంత ఎక్కువని లెక్క. గట్టు మీదికి వెళ్ళేసరికి నాకు వందకు తక్కువ కాకుండా పడ్డాయి.

"నాటిక అని తెలుసు కదండీ, మరి ఎందుకు లేచారండి?" అని నసిగాను.

"తెలుసండీ! బుర్రకి తెలుసు. కాళ్ళకి తెలీదు కదండీ! అది నా మోటారు గొంతండి. మూడోదానికి ఆగేముందు గురక వస్తుంది. నా పెళ్ళాం దగ్గు పోల్చుకోలేనేమో గానీ అది పోల్చుకోలేనా?"

అప్పుడు చూశాను మాస్టారిని. గట్టు చివర, మోకాళ్ళదాకా బురదతో, కర్ర లేకుండా, రొప్పుతూ నిలబడి ఉన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. టీవీ రోజున ఒక్కొక్కళ్ళే లేచి వెళ్ళారు పాపం. నేనైతే అందర్నీ ఒకేసారి లేపాను. దగ్గరికెళ్ళి తల వంచుకున్నాను.

"మన్నించండి మాస్టారూ. ఒక్కరు కూడా లేవకూడదన్నారు. అందరూ లేచారు. ఇక ఆ ఊసెత్తనండి."

"అందరికన్నా ముందు ఎవరు లేచారో చూశారా బాబూ?"

"లేదండి. కళ్ళు మూసుకున్నాను."

"నేనండి" అన్నారు మాస్టారు. "ఇంజను ఆగుతుందని రాసింది నేనే. ఎన్నో పేజీలో ఆగుతుందో కూడా తెలుసు. అయినా అల్లుడి పంట పోయిందనుకుని లేచి పరిగెత్తాను. నా వెనకే వీళ్ళంతా. షరతు పెట్టినవాడే తప్పాక ఇక షరతేముందండీ?"

అంతలో నీళ్ళలోంచి రాజారత్నం గారు కేకేశారు. "మావయ్యగారూ! ఇంతకీ ఆ నౌక సంగతేమైంది? ఇంజను మళ్ళీ అందుకుందా లేదా?"

మాస్టారు నవ్వడం నేను చూడటం అదే మొదలు. అందరూ బురద కాళ్ళతోనే హాలుకి తిరిగొచ్చారు. రాజారత్నం గారు వెనక స్పీకర్లు రెండూ స్వయంగా పీకేసి, గోడవైపు తిప్పి పెట్టాక, మిగిలిన పన్నెండు నిమిషాలూ విన్నారు. ఎవరూ లేవలేదు. చెరువులో పోసిన బిళ్ళలకు బదులు కొత్త సంచులు కొని తెచ్చి ఇచ్చాను. మాస్టారు బీరువా తాళం నా చేతికిచ్చారు.

పదమూడో భాగం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఏలూరు దాకా మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చాను. ఇంటి దాకా ఆగలేక ఊరి పొలిమేరలో బండి ఆపించి మొదటి పేజీ తెరిచాను. మాస్టారి గుండ్రటి చేతిరాత. మొదటి వాక్యం ఇది: "నౌకలో ఇంజన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి."

వీర్రాజు నా ముఖం వైపు చూశాడు. నేను వాడి ముఖం వైపు చూశాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా కొల్లేటి చుట్టుపక్కల ఏ అంతరిక్ష నౌకకూ ఏరియేటరు ఇంజను బిగించను. పదమూడో భాగంలో మిణుగురు నౌక మా అమ్మ పిండి గ్రైండరుతో నడిచింది. అది ఆగినప్పుడు అదే హాల్లో ఒక్కరు కూడా లేవలేదు, వినడానికి వచ్చిన మా అమ్మ తప్ప.